మందు చేతికందింది... ఫలితం అందలేదు

సూరత్ ప్లేగు నేర్పిన పాఠం: రోగంతో పోటీ పడగల పరీక్ష అవసరం

1994 సెప్టెంబరు మూడో వారం. సూరత్ నగరంలో వినాయక నిమజ్జనాలు అప్పుడే ముగిశాయి. తపతి నది వరద తీసి కొద్ది రోజులే అయింది. ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీరు లోతట్టు పేటలను ముంచి వెళ్ళగా, వీధుల్లో పశువుల కళేబరాలు, చెత్త కుప్పలు మిగిలాయి. అటువంటి సమయంలో వేడ్ రోడ్ పరిసరాల నుంచి తీవ్రమైన జ్వరం, ఆయాసం, రక్తపు జీరలతో కూడిన కఫంతో రోగులు ఆసుపత్రులకు రాసాగారు. కొందరు చేరిన కొద్ది గంటలకే మరణించారు. 21వ తేదీ రాత్రికి ‘ప్లేగు’ అనే మాట ఊరంతా పాకింది. తెల్లవారేసరికి రైల్వే స్టేషన్, బస్ స్టేషన్ జనంతో కిక్కిరిశాయి.

1991 జనాభా లెక్కల ప్రకారం సూరత్ నగర జనాభా సుమారు 15 లక్షలు. అందులో ఆ కొద్ది రోజుల్లో ఊరు విడిచిన వారు రెండు లక్షల నుంచి ఐదు లక్షల వరకు ఉంటారని వివిధ అంచనాలు. వారిలో అధికులు వలస కార్మికులే. వజ్రాల సాన పనికి, మరమగ్గాల పనికి దేశం నలుమూలల నుంచి వచ్చి చేరిన జనం వారు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్ళిన నేత కార్మిక కుటుంబాలు కూడా ఆ నగరంలో వేల సంఖ్యలో ఉన్నాయి. తెలుగు మాధ్యమ పాఠశాలలను సూరత్ నగరపాలక సంస్థే నిర్వహించేంత పెద్ద సమాజం అది.

ఊరు విడిచిన వారు, విడవలేని వారు, అందరూ ఆ రోజుల్లో మందుల దుకాణాల్లో అడిగింది ఒకే మందు: టెట్రాసైక్లిన్. చూస్తూండగానే దుకాణాల్లో నిల్వలు ఖాళీ అయ్యాయి. తరువాత అధికారులు మందును తెప్పించి పేటపేటకూ పంచారు. రోగం ఉన్నవారూ, లేనివారూ, ఉందేమోనని భయపడినవారూ గొట్టాలు మింగారు. ఒక మహానగరం యావత్తూ ఒకే యాంటీబయాటిక్‌ను ఒకేసారి వాడిన సందర్భం అది. ఆ మందు ఆ క్రిమిపై పనిచేస్తుందా లేదా అన్నది ప్రయోగశాల నుంచి తెలిసేలోగానే ఇదంతా జరిగిపోయింది.

మందు పనిచేసింది. రోగం రెండు వారాల్లోనే అదుపులోకి వచ్చింది. దేశవ్యాప్తంగా రక్తపరీక్షలో ప్లేగు జాడ కనిపించిన అనుమానిత కేసులు 693 అని, మరణాలు 56 అని అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక వెళ్ళింది. ఆ మరణాల్లో 52 సూరత్‌లోనివే. కాగా, మందు పనిచేయకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న వైద్య రంగంలో నేటికీ మిగిలే ఉంది.

తెలుగువారి ప్రమేయం

సూరత్‌ను ఆదుకున్న మందుల కుటుంబం పుట్టుకలో ఒక తెలుగు శాస్త్రవేత్త పాత్ర ఉండటం గమనార్హం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది.

రోగం ఏమిటో తేల్చే బాధ్యతా మరొక తెలుగువారిపైనే పడింది. శ్రీకాకుళంలో జన్మించి, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా పనిచేసిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం 1994 అక్టోబరులో సాంకేతిక సలహా సంఘాన్ని నియమించింది. అంతకు ముందు దేశంలో 1966 తరువాత ప్లేగు కనిపించలేదు. కనిపించని రోగంపై నిఘా క్రమంగా సడలటం సహజం. ప్లేగు క్రిమిని పెంచి, గుర్తించి, పరీక్షించగల ప్రయోగశాలలు వేళ్ళపై లెక్కించదగినన్ని మాత్రమే మిగిలాయి.

ఫలితంగా అది ప్లేగు అవునా, కాదా అన్న వివాదం వారాల తరబడి సాగింది. అది మెలియాయిడోసిస్ కావచ్చునని కొందరు, హంటా వైరస్ కావచ్చునని మరికొందరు వాదించారు. పైకి ఇది పండితుల తర్కంగా కనిపించినా రోగికి ప్రాణసమస్య. ప్లేగుకు తొలి నుంచి పేరుపడిన స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్ మెలియాయిడోసిస్ క్రిమిని ఏమీ చేయలేదు. వైరస్ అయితే ఏ యాంటీబయాటిక్ కూడా పనికిరాదు. అంటే రోగం పేరు తేలేవరకు వైద్యుడు వేసే ప్రతి మందూ ఒక ఊహే. సూరత్, బీడ్ ప్రాంతాల నమూనాల నుంచి వేరు చేసిన క్రిములు ప్లేగు కారక ‘యెర్సీనియా పెస్టిస్’ అని రామలింగస్వామి సంఘం 1995లో నిర్ధారించింది. హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ఆ క్రిమిని తొలిసారి కనుగొన్నది 1894లో. అంటే ఆ క్రిమి లోకానికి తెలిసి సరిగ్గా నూరేళ్ళు నిండిన సంవత్సరంలో దాన్ని పోల్చుకోవటానికి భారతదేశానికి నెలలు పట్టింది.

క్రిమి కంటే నెమ్మదైన పరీక్ష

ఏ మందుకు ఏ క్రిమి లొంగుతుందో తెలిపేదాన్ని వైద్యులు ‘సెన్సిటివిటీ పరీక్ష’ అంటారు. దేశంలోని ఆసుపత్రుల్లో ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉన్న విధానాన్ని 1966లో అమెరికాలోని సియాటిల్ నగర శాస్త్రజ్ఞులు బాయర్, కర్బీ, వారి సహచరులు ప్రామాణికంగా రూపొందించారు. ముందుగా రోగి రక్తాన్ని, కఫాన్ని, మూత్రాన్ని లేదా చీమును పోషక పదార్థం గల పళ్ళెంలో వేసి వెచ్చగా ఉంచుతారు. కంటికి కనిపించే గుంపులుగా క్రిములు పెరగటానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ గుంపులోంచి కొంత తీసి మరో పళ్ళెంపై పలుచగా పూసి, ఒక్కొక్క మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలను దానిపై అమరుస్తారు. మర్నాటికి పళ్ళెమంతా క్రిములు పొరలా పెరుగుతాయి. మందుకు లొంగే క్రిమి అయితే ఆ బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. లొంగని క్రిమి బిళ్ళ అంచు వరకూ పెరుగుతుంది. వలయం వ్యాసాన్ని కొలిచి, పట్టికతో సరిచూసి, ‘ఈ మందు పనికివస్తుంది, ఇది పనికిరాదు’ అని రాసిస్తారు.

పద్ధతి సులభం, చవక, నమ్మదగినది. లోపమల్లా కాలమే. నమూనా చేరిన దగ్గర నుంచి ఫలితం చేతికి రావటానికి రెండు నుంచి మూడు రోజులు పడుతుంది. ప్లేగు క్రిమి మరీ నెమ్మది. అది సుమారు 28 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతుంది. పళ్ళెంపై స్పష్టంగా కనిపించటానికే రెండు రోజులు తీసుకుంటుంది. కాగా, ఊపిరితిత్తుల ప్లేగు సోకిన వ్యక్తికి లక్షణాలు మొదలైన 24 గంటల్లో సరైన మందు పడకపోతే బతికే అవకాశం చాలా తక్కువ. పరీక్షా ఫలితం వచ్చేసరికి దాని అవసరం ఉన్న మనిషి ఉండకపోవచ్చు.

ఈ దుస్థితి ప్లేగుకు పరిమితం కాదు. రక్తంలో క్రిములు వ్యాపించి రక్తపోటు పడిపోయిన రోగులకు సరైన యాంటీబయాటిక్ ఇవ్వటంలో జరిగే ప్రతి గంట ఆలస్యానికీ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గుతున్నదని 2006లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం తెలిపింది. అందుకే వైద్యుడు ఫలితం కోసం ఆగడు, ఆగకూడదు కూడా. తన అనుభవాన్ని బట్టి బలమైన మందును వెంటనే మొదలుపెడతాడు. మొదటి మోతాదు ఎప్పుడూ ఊహ మీద పడేదే. రెండో రోజు, మూడో రోజు కూడా ఊహ మీదే నడవవలసి రావటం అసలు సమస్య.

మడగాస్కర్ హెచ్చరిక

సూరత్ ఘటన జరిగిన మరుసటి సంవత్సరమే, 1995లో, మడగాస్కర్ దీవిలో 16 ఏళ్ళ బాలుడికి ప్లేగు సోకింది. అతని నుంచి తీసిన క్రిమిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు నివ్వెరపోయారు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే మూడు ప్రధాన ఔషధాలకూ అది లొంగలేదు. ఆ శక్తినంతా ఒక చిన్న జన్యు వలయం ఆ క్రిమికి సమకూర్చిందని 1997లో ఫ్రాన్స్, మడగాస్కర్ పరిశోధకులు ప్రకటించారు. ఇటువంటి జన్యు వలయాలు ఒక క్రిమి నుంచి మరొక క్రిమికి సులువుగా చేరగలవు.

సూరత్‌లో ప్రజలు మింగిన మందు సరిగ్గా ఆ మూడింటిలో ఒకటి. వరద ముంచిన వేడ్ రోడ్ పేటల్లో ఆ ఏడాది వ్యాపించిన క్రిమి మడగాస్కర్ రకపుదై ఉంటే, పేటపేటకూ పంచిన గొట్టాలన్నీ వృథా అయ్యేవి. అవి వృథా అయ్యాయని తెలియటానికి సైతం రోజులు పట్టేది. సూరత్‌ను కాపాడిన వాటిలో వైద్యుల కృషి ఉంది, పారిశుద్ధ్య సిబ్బంది శ్రమ ఉంది. వాటితోపాటు అదృష్టం కూడా ఉందని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడా అదృష్టం నానాటికీ తరుగుతోంది. ఢిల్లీకి వచ్చి వెళ్ళిన ఒక రోగి నుంచి స్వీడన్‌లో వేరు చేసిన క్లెబ్సియెల్లా క్రిమిలో ‘ఎన్‌డీఎం-1’ అనే జన్యువును గుర్తించినట్టు 2009లో వెల్లడైంది. చివరి అస్త్రాలుగా దాచుకునే కార్బపెనెం మందులను సైతం అది నిర్వీర్యం చేస్తుంది. మందులకు లొంగని బాక్టీరియా ప్రత్యక్ష కారణంగా 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మరణించారని, భారతదేశంలో ఆ సంఖ్య మూడు లక్షలకు చేరువగా ఉందని అంతర్జాతీయ పరిశోధకుల అంచనా. ప్లేగులా పరుగులు పెట్టించని ఉపద్రవం ఇది. ఆసుపత్రి వార్డుల్లో ఒక్కొక్కరినీ వేర్వేరు రోగాల పేర్లతో తీసుకుపోవటం వల్ల జనం దృష్టికి రావటం లేదు.

రోజుల నుంచి గంటలకు

ఇదిలా ఉండగా, పరీక్షా కాలాన్ని కుదించే ప్రయత్నాలు గత రెండు దశాబ్దాల్లో గణనీయంగా ఫలించాయి. ఇవి ప్రధానంగా రెండు మార్గాల్లో సాగుతున్నాయి.

మొదటిది, క్రిమి పెరుగుదలను మనిషి కంటే ముందుగా కనిపెట్టే మార్గం. రాత్రంతా ఆగి వలయాన్ని చూసే బదులు, క్రిములు పెరుగుతున్నవీ లేనివీ యంత్రం కొద్ది నిమిషాలకొకసారి కాంతి ద్వారా గమనిస్తుంది. రక్తపు సీసాలో క్రిమి జాడ కనిపించగానే నేరుగా బిళ్ళల పరీక్ష జరిపి 4, 6, 8 గంటలకే వలయాలను చదివే ప్రమాణాలను ఐరోపాకు చెందిన ‘యూకాస్ట్’ సంఘం 2018లో విడుదల చేసింది. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. పాత పళ్ళెమే, పాత బిళ్ళలే. మారింది కొలిచే వేళ, కొలిచే పట్టిక. వేళకాని వేళ వలయాలను చదివే సిబ్బంది మాత్రం ఉండాలి. అమెరికాలో 2017లో అనుమతి పొందిన మరో యంత్రం రక్తపు సీసాలో క్రిమి జాడ కనిపించిన దగ్గర నుంచి ఏడు గంటల్లో ఏ మందు పనిచేస్తుందో తెలుపుతుంది.

రెండవది, క్రిమి జన్యువులను చదివే మార్గం. ఇందులో భారతదేశానికి స్వానుభవం ఉంది. క్షయ క్రిమి రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో తెలుసుకోవటానికి పూర్వం వారాలు, ఒక్కోసారి రెండు నెలలు పట్టేది. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష దాన్ని రెండు గంటలకు తగ్గించింది. గోవాలో తయారవుతున్న ట్రూనాట్ యంత్రానికి 2020లో అదే ఆమోదం లభించింది. బ్యాటరీతో నడిచే ఆ చిన్న యంత్రం ఎయిర్ కండిషనింగ్ లేని ఆరోగ్య కేంద్రంలోనూ పనిచేయగలదు.

ఈ రంగంలో అందరి దృష్టినీ ఆకర్షించిన విజయం స్వీడన్‌ది. మందుకు లొంగని క్రిములను గుర్తించే శీఘ్ర పరీక్ష కోసం బ్రిటన్‌లో 2014లో భారీ బహుమతి ప్రకటించారు. పదేళ్ళ తరువాత, 2024 జూన్‌లో, 80 లక్షల పౌండ్ల ఆ బహుమతి ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధనల ఆధారంగా ఎదిగిన ఒక సంస్థకు దక్కింది. మూత్రపు చుక్కలను వెంట్రుకల వంటి సన్నని కాలువల్లోకి పంపి, మందు తగిలినప్పుడు ఒక్కొక్క క్రిమీ పెరుగుతున్నదా, ఆగిందా అని సూక్ష్మదర్శినితో చూడటం వారి విధానం. మూత్రంలో క్రిమి ఉన్నదీ లేనిదీ 15 నిమిషాల్లో, ఏ మందు పనిచేస్తుందన్నది 45 నిమిషాల్లో తేలుతుంది. రోగి వైద్యుని గదిలో ఉండగానే చీటీ రాయటానికి అది చాలును.

మరవరాని పరిమితులు

అయితే ‘నిమిషాల్లో ఫలితం’ అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మూత్రంలో క్రిములు లక్షల సంఖ్యలో ఉంటాయి కనుక ఆ పరీక్ష అంత త్వరగా సాధ్యమవుతుంది. రక్తంలో ఒక మిల్లీలీటరుకు కొద్ది క్రిములే ఉండవచ్చు. వాటిని ముందు సీసాలో పెంచవలసిందే. అందుకు పట్టే గంటలను ఏ యంత్రమూ పూర్తిగా తొలగించలేకపోతోంది. జన్యు పరీక్షలకు మరో లోపం ఉంది. అవి వెదకమన్న జన్యువునే వెదకుతాయి. క్రిమి కొత్త దారిలో మందును ఎదుర్కొంటే ఆ పరీక్షకు దొరకదు.

ప్లేగు విషయంలో అదనంగా మరో చిక్కు. ఆ క్రిమిని పెంచటం సిబ్బందికే ప్రాణాంతకం కావచ్చు. కట్టుదిట్టమైన రక్షణ గల ప్రయోగశాలల్లోనే ఆ పని చేయాలి. అందువల్ల జిల్లా స్థాయిలో జరగవలసింది శీఘ్ర గుర్తింపు. మడగాస్కర్‌లో రూపొందించిన, 2003లో ప్రకటించిన ఒక పట్టీ పరీక్ష కఫంలోనూ బిళ్ళకట్టు చీములోనూ ప్లేగు జాడను 15 నిమిషాల్లో చూపగలదు. అక్కడ అనుమానం రాగానే నమూనా పెద్ద ప్రయోగశాలకు చేరాలి. మందు పనిచేస్తుందో లేదో అక్కడ తేలాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మళ్ళీ 1994 నాటి పరిస్థితే.

మందు చవక, పరీక్ష ప్రియం

ఇంతటి సాధనాలు ఉన్నప్పుడు అవి చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో ఎందుకు కనిపించవన్న ప్రశ్నకు సమాధానం అర్థశాస్త్రంలో ఉంది. సాధారణ యాంటీబయాటిక్ గొట్టాలకయ్యే ఖర్చు కంటే పరీక్షకయ్యే ఖర్చు ఎక్కువ. కూలి మీద బతికే మరమగ్గం కార్మికుడు పరీక్షకు, మందుకు రెండింటికీ డబ్బు పెట్టడు. మందే కొంటాడు. ఆ లెక్క అతని వరకు సరైనదే. పరీక్ష లేకుండా మందు వాడిన ప్రతిసారీ లొంగని క్రిములు మిగిలి బలపడతాయి. ఆ నష్టం అతని ఖాతాలో కనిపించదు, మరెవరి చికిత్సలోనో తేలుతుంది.

ఆలస్యానికి దేశం చెల్లించే మూల్యాన్ని కూడా సూరత్ చూపింది. 1994లో ప్లేగు వార్త వెలువడగానే పలు దేశాలు భారత్‌కు విమానాలు నిలిపివేశాయి. సరుకులు రేవుల్లో ఆగాయి, పర్యాటకులు రాక మానారు. సాన యంత్రాలు, మరమగ్గాలు మూగబోయాయి. ఆ ఉదంతం వల్ల దేశానికి వాటిల్లిన నష్టం 170 కోట్ల డాలర్ల పైమాటేనని తరచుగా ఉటంకించే అంచనా. రోగం పేరు, దానికి లొంగే మందు తొలి వారంలోనే అధికారికంగా తేలి ఉంటే ఆ భయం అంత దూరం పాకేది కాదు. దేశమంతటా ప్రయోగశాలలు నెలకొల్పటానికయ్యే వ్యయాన్ని ఈ అంకెతో పోల్చి చూడాలి.

ప్రభుత్వం పూనుకుంటే ధర దిగుతుందనటానికి క్షయ పరీక్షే సాక్ష్యం. పేద దేశాల కోసం 2012లో 9.98 డాలర్లకు కుదిరిన జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష ధర 2023లో 8 డాలర్లలోపుకు తగ్గింది. పెద్ద ఎత్తున కొనుగోలు చేసే వారు ఉండటం, స్వచ్ఛంద సంస్థల ఒత్తిడి అందుకు కారణాలు. మూత్రకోశ వ్యాధులకు, రక్తదోషానికి చేసే శీఘ్ర పరీక్షలకు అటువంటి కొనుగోలుదారు ఇంకా కనిపించవలసి ఉంది. కీలకమైన యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మరాదన్న ‘షెడ్యూల్ హెచ్-1’ నిబంధన 2014 మార్చి నుంచి అమలులో ఉంది. చీటీ రాసే వైద్యునికి ఆధారం అందించకుండా చీటీని మాత్రం తప్పనిసరి చేస్తే ప్రయోజనం సగమే.

మురుగు కాలువతో సమానం

1995 మే నెలలో సూరత్ నగరపాలక సంస్థ కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించిన ఎస్.ఆర్. రావు, అధికారులను రోజూ వీధుల్లోకి పంపి, చెత్త ఎత్తివేత, మురుగు పారుదల, ఆహార పదార్థాల తనిఖీలను ఒక క్రమంలో పెట్టారు. ఏడాదిన్నర తిరగకుండానే ఆ నగరం దేశంలో పరిశుభ్రతకు ఉదాహరణగా నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకున్నది. ప్లేగు నేర్పిన మొదటి పాఠాన్ని సూరత్ మరువలేదు.

రెండో పాఠం కొంత మేరకు ఒంటబట్టింది. 2002లో హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లా జిల్లాలో ఊపిరితిత్తుల ప్లేగు తలెత్తి నలుగురు మరణించినప్పుడు, 2004లో ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశి జిల్లాలో మరో ముగ్గురు మరణించినప్పుడు ప్రయోగశాలలు రోగాన్ని నిర్ధారించాయి. 1994 నాటి వంటి వివాదానికి తావు కలగలేదు. దేశంలోని అన్ని జిల్లాల్లోనూ సమీకృత ప్రజారోగ్య ప్రయోగశాలలు నెలకొల్పాలని 2021లో ప్రారంభమైన కేంద్ర పథకం సంకల్పించింది. ఆ భవనాల్లో నిపుణులు ఉండాలి, రసాయనాలు అయిపోకుండా సరఫరా కావాలి, రాత్రి వచ్చిన నమూనాను తెల్లవారేదాకా ఆపకుండా పరీక్షించాలి. ఈ మూడూ లేనప్పుడు ఎంత వేగవంతమైన యంత్రమైనా గోడ పక్కన అలంకారమే.

మురుగు కాలువ ఎవరి ఇంటి ముందు ఉన్నా దాని మేలు ఊరంతటికీ చెందుతుంది. అందుకే దాని ఖర్చును ఏ ఒక్క ఇంటిపైనా వేయరు. క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష కూడా ఆ కోవకే చెందుతుంది. సూరత్ వీధుల్లో 1994లో ప్రజలు చేతబట్టిన గొట్టం పనిచేసింది. మళ్ళీ అటువంటి రాత్రి ఎదురైతే, మొదటి గొట్టం ఊహ మీద మింగినా, రెండోది ఫలితం చూసి మింగగలగాలి. ఆ ఏర్పాటును ఉపద్రవం లేని రోజుల్లోనే చేసుకోవాలి.